జానెడు కింద

ముప్ఫై ఒకటో బండి ముందు భాగం ఈసారి నగురా చేస్తాడని మేస్త్రీ ఒగిసో చెప్పినప్పుడు ఇసొగాయ్ కుడిచేతికి గ్లౌజు తొడుక్కుంటున్నాడు. నాలుగు వేళ్ళు లోపలికి వెళ్ళాయి. బొటనవేలు బయటే ఉండిపోయింది. దాన్ని అలాగే వదిలేసి మేస్త్రీ మొహం వంక చూశాడు.

పొద్దుటి రేడియో వ్యాయామం అప్పుడే అయింది. రేకుపని షెడ్డులోని పన్నెండుమందీ ఇంకా చేతులు దులుపుకుంటూ నిలబడే ఉన్నారు. ఒగిసో చేతిలో కాగితం చూసుకుంటూ మిగతాది కూడా చదివాడు. నెలాఖరుకి టోక్యోలో కార్ల ప్రదర్శన. అక్కడ తిరిగే బల్ల మీద నిలబడేది ఈ ముప్ఫై ఒకటో బండే. బానెట్టు, ముందు మడ్‌గార్డులు రెండూ నగురావి. డోర్లు రెండూ ఇసొగాయ్ గారివి. తనిఖీ మాత్రం ఎప్పటిలాగే మొత్తం ఇసొగాయ్ గారిదే. శనివారం పొద్దున్నకల్లా బాడీ రంగుల షెడ్డుకి చేరాలి.

“ఎప్పటిలాగే” అన్నచోట ఒగిసో గొంతు కొంచెం మెత్తబడింది. చేదు మందు పోసి వెంటనే నోట్లో పంచదార వేసినట్టు వేశాడా మాట. ఇసొగాయ్‌కి ఆ పంచదారే ఎక్కువ చేదనిపించింది.

ముందు భాగమంటే మాటలా? ఆ బండి అందమంతా దాని ముక్కులోనే ఉంది. అద్దం కింద మొదలై బారుగా సాగి, దీపాల దగ్గరికొచ్చేసరికి ఒక్క మెలికా లేకుండా కిందికి వాలుతుంది. చూడ్డానికొచ్చినవాడు ముందు దాన్నే చూస్తాడు. డోరంటారా, తెరిచి లోపల కూర్చున్నాక దాన్ని తల్చుకునే దిక్కుండదు. ఇప్పటిదాకా తయారైన ముప్ఫై బండ్ల ముక్కులూ ఇసొగాయ్ సుత్తి కిందే రూపు తేలాయి. వేలల్లో అమ్ముడుపోయే సరుకు కాదు కాబట్టి వీటికోసం పెద్ద అచ్చుయంత్రాలేవీ కొనలేదు. రేకుని చెక్కదిమ్మ మీద పెట్టి చేత్తో కొట్టాల్సిందే. ఐదో బండి డోరు ఆరో బండికి పట్టదు. నెలకి నాలుగు బండ్లు బయటికి వెళితే ఆ సాయంత్రం మేస్త్రీ ఈల వేసుకుంటూ ఇంటికి వెళతాడు.

నగురాకి ఇరవై తొమ్మిదేళ్ళు. బస్సు బాడీలు కట్టేచోట పనిచేసి, రెండేళ్ళ కిందట ఇక్కడికొచ్చాడు. మొదటిరోజు ఇసొగాయ్ వాడి చేతికి సుత్తి ఇచ్చి, ఇది బస్సు కాదోయ్, మెల్లగా కొట్టు అన్నాడు. అందరూ నవ్వారు. నగురా కూడా నవ్వి, మెల్లగా కొట్టాడు. అదే వచ్చిన చిక్కు. చెప్పిందల్లా వింటాడు, విన్నదల్లా నేర్చుకుంటాడు. తిట్టడానికి సందు ఇవ్వడు. తిట్టడానికి సందివ్వని మనిషిని ఎంతకాలమని భరిస్తాం?

పనిలోకి దిగాక గ్యాసు వెల్డింగు చేసే హిబి పక్కకొచ్చి చేరాడు. అతని నోరు ఊరుకోదు. ఇసొగాయ్ గారి ముక్కు కోసి నగురాకి అతికించారటగా అని నలుగురికీ వినపడేటట్టు అన్నాడు. ఇసొగాయ్ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకో మాట వస్తుంది. డోరు రేకుని ఇసుకసంచీ మీదికి లాక్కుని సుత్తి అందుకున్నాడు. ఆ రోజంతా కొట్టాడు గానీ చెవులు మాత్రం షెడ్డు అవతలి మూలనే ఉన్నాయి. అక్కడ నగురా సుత్తి చప్పుడు ఒకే లెక్కన పడుతోంది. ఎక్కడైనా తడబడుతుందేమోనని కాచుకున్నాడు. సాయంత్రం సైరన్ మోగేదాకా అది తడబడలేదు.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి కుడి మడ్‌గార్డు తనిఖీకొచ్చింది.

తనిఖీ అంటే ఆ షెడ్డులో ఒకటే పద్ధతి. కిరసనాయిలు తుడిచి ట్యూబులైటు కింద పెడితే పెద్ద సొట్టలు ఎవడికైనా కనిపిస్తాయి. కాగితమంత పల్లం మాత్రం కంటికి దొరకదు, అరచేతికే దొరుకుతుంది. ఉత్త చేతికైతే చెమట అడ్డం. అందుకని పల్చటి నూలు గ్లౌజు తొడుక్కుని, కళ్ళు మూసుకుని, చెయ్యి బరువు మాత్రమే రేకు మీద వేసి మెల్లగా జరపాలి. తేడా ఉన్నచోట సుద్దతో చుట్టాలి. బాగుంటే రేకు లోపలి అంచున, చేసినవాడి గుర్తు పక్కనే, చూసినవాడి గుర్తు గుద్దాలి. పన్నెండుమందికీ పన్నెండు గుర్తులు, వాటిని గుద్దే అచ్చులూ ఉన్నాయి. ప్రతి బండిలోనూ, ప్రతి రేకు మీదా రెండో గుర్తు మాత్రం ఒక్కటే. పక్కపక్కన రెండు గీతలు. అది ఇసొగాయ్‌ది. ఆయన చేసిన రేకుల మీద మొదటి గుర్తూ అదే, రెండో గుర్తూ అదే. ఆయన చేతిని తనిఖీ చేసే చెయ్యి ఎక్కడుందని?

నగురా మడ్‌గార్డుని బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. ఇసొగాయ్ గ్లౌజు తొడుక్కున్నాడు. మంచిది, ఉతికి ఉతికి ఉల్లిపొరలా అయిన గ్లౌజు. కళ్ళు మూసుకుని దీపం గుంట దగ్గర మొదలుపెట్టాడు. అరచెయ్యి భుజం వంపు మీదుగా పైకి సాగింది, అంచువైపు దిగింది, మళ్ళీ మొదటికి వచ్చింది. ఎక్కడైనా తగలాలని చూశాడు. తగల్లేదు. రెండోసారి ఇంకా మెల్లగా జరిపాడు. తగిలి తీరాలి, బస్సులు కొట్టిన చెయ్యి ఎక్కడో ఒకచోట బయటపడి తీరాలి అనుకున్నాడు. లేదు. మూడోసారికి కడుపులో మంట గొంతుదాకా వచ్చింది. ఇంత పని తన చేతిలోంచి వచ్చి ఎన్నేళ్ళయింది? అసలు ఎప్పుడైనా వచ్చిందా?

అది పాపం ఆలోచించి చేసింది కాదు. అలాగని తెలియక చేసిందీ కాదు. కళ్ళు తెరిచేలోగా ఎడమచెయ్యి సుద్ద అందుకుంది. భుజం వంపు మీద, దీపం గుంటకి వెనగ్గా, రూపాయి బిళ్ళంత సున్నా చుట్టాడు.

“ఇక్కడ పల్లం ఉంది” అన్నాడు.

నగురా ముందుకొచ్చాడు. తన గ్లౌజు తొడుక్కుని, ఆ సున్నా మీద అరచెయ్యి వేసి జరిపాడు. మళ్ళీ జరిపాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

“నాకు తెలియడం లేదండి” అన్నాడు.

“తెలియకే కదా వదిలేశావు.”

నగురా తలవంచి, మడ్‌గార్డు ఎత్తుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. హిబిని పిలిచి చూడమన్నాడు. హిబి చెయ్యి పెట్టి చూసి, నాకేమీ అందడం లేదుగానీ ఇసొగాయ్ గారు గీశాక ఉండకుండా ఎక్కడికి పోతుంది అన్నాడు. ఇంకొకడు కూడా చూసి అదే మాట అన్నాడు. ఇసొగాయ్ వాళ్ళకి వీపు తిప్పి ఆకురాయి పడుతూ అంతా విన్నాడు. సరిగ్గా ఉన్న రేకుని లేనిపోని దెబ్బలు కొడితే సాగి ఉబ్బుతుంది. ఉబ్బిందాన్ని దించబోతే పక్కన పల్లమవుతుంది. దాన్ని ఎత్తబోతే ఇంకోచోట లేస్తుంది. రెండు రోజుల్లో ఆ మడ్‌గార్డు ఎందుకూ కొరగాకుండా పోతుంది. అప్పుడు మేస్త్రీ ఎవరి దగ్గరికి రావాలో ఆ ఒక్కరి దగ్గరికే వస్తాడు. అది తల్చుకుంటే హాయిగా ఉండాలి. ఎందుకో ఆకురాయి చేతిలో సరిగ్గా కూర్చోలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అన్నం తినే బల్ల మీద ఒక గంపెడు కమలాపళ్ళున్నాయి. ఇంకా పచ్చతోలు పోని తొలికాపు కాయలు. ఎవరిచ్చారని అడగబోతుంటే భార్య కినూయె తనే చెప్పింది. నగురా వాళ్ళమ్మ ఊరినుంచి పంపిందట. పొద్దున్న పనికి వెళుతూ తెచ్చి ఇచ్చాడట, లోపలికి రమ్మన్నా గుమ్మం దాటలేదట.

“మీరు పని నేర్పినందుకు వాళ్ళమ్మ రోజూ మిమ్మల్ని తల్చుకుంటుందట” అంది. “ఈ కాలంలో ఇంత గుర్తుపెట్టుకునేవాళ్ళు ఎక్కడున్నారు?”

ఇసొగాయ్ స్నానానికి లేచాడు. తిరిగొచ్చి అన్నం ముందు కూర్చున్నాక ప్రదర్శన సంగతి, ముందు భాగం సంగతి ముక్కలు ముక్కలుగా బయటపెట్టాడు. తనకేమీ పట్టనట్టే చెప్పాడు. కుర్రచెయ్యి, రేపు అంతమంది ముందు బండి పరువు పోతే కంపెనీకే నష్టం, దాని గురించే నా బాధ అన్నాడు.

“కంపెనీకి లేని బాధ మీకెందుకు?” అంది కినూయె, చేపముక్క ఆయన గిన్నెలోకి తోస్తూ. “కందకు లేని దురద కత్తిపీటకెందుకని.”

తర్వాత ఒక కమలాపండు ఒలిచి పెట్టింది. ఇసొగాయ్ తినలేదు. పులుపు పళ్ళకి పడదన్నాడు. పడకపోవడం ఎప్పటినుంచీ అని ఆవిడ అడిగింది. ఆ పండు ఆవిడే తినేసి, ఎంత తియ్యగా ఉందో అని రెండుసార్లు చెప్పింది. ఒక్కసారి చెబితే సరిపోదా అని ఇసొగాయ్‌కి ఒళ్ళు మండింది.

బుధవారం పొద్దున్న వ్యాయామం అవుతూనే నగురా మడ్‌గార్డుతో వచ్చాడు. నిన్న అందరికంటే ఆఖరున వెళ్ళాడని హిబి అప్పటికే ఊరంతా చాటాడు.

“సరిచేశానండి. ఒకసారి చూస్తారా?”

సుద్ద తుడిచేసి ఉంది. ఇసొగాయ్ చెయ్యి నేరుగా నిన్నటి సున్నా ఉన్నచోటికి వెళ్ళింది. రేకు ఉబ్బి ఉంటుంది, పట్టుకుని నలుగురి ముందూ చూపిద్దామనుకుంటూ అరచెయ్యి వేశాడు. ఉబ్బులేదు. నిన్న ఎలా ఉందో అచ్చంగా అలాగే ఉంది. ఇప్పుడేమనాలి? ఇంకా ఉంది అంటే మేస్త్రీ కూడా వచ్చి చెయ్యి పెడతాడు. అంతదూరం లాగే ధైర్యం లేకపోయింది.

“ఇప్పుడు బాగుంది” అన్నాడు. అచ్చు తీసి, లోపలి అంచున నగురా గుర్తు పక్కన తన రెండు గీతలూ గుద్దాడు.

నగురా వెంటనే కదల్లేదు. ఇసొగాయ్ మొహంలోకి, ఆ తర్వాత ఆయన చేతిలోకి చూశాడు. చూడాల్సినదానికంటే ఒక్క క్షణం ఎక్కువే చూశాడు. తర్వాత నడుం వంచి దండం పెట్టి మడ్‌గార్డు ఎత్తుకున్నాడు.

ఆ చూపు ఇసొగాయ్‌ని పన్నెండు గంటలదాకా కుదురుగా ఉండనివ్వలేదు. అందరూ అన్నం డబ్బాలు తీసుకుని ఎండలోకి వెళ్ళాక టార్చిలైటు పట్టుకుని ముప్ఫై ఒకటో బండి దగ్గరికి వెళ్ళాడు. మడ్‌గార్డు అప్పటికే బాడీకి బిగించి ఉంది. చక్రం ఉండాల్సిన గుంటలోకి వంగి, లోపలినుంచి భుజం వంపు కిందికి వెలుగు వేశాడు. రేకు లోపలివైపు తుప్పు పట్టకుండా నూనె పూస్తారు. కొత్త దెబ్బ పడితే నూనె చెదిరి ఇనుము తళుక్కుమంటుంది. తను సున్నా గీసిన చోటు గుర్తుపట్టి అక్కడే లైటు నిలిపాడు. నూనె చెక్కుచెదరలేదు. ఒక్క దెబ్బ పడలేదు.

అంటే నగురా దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే తెచ్చి సరిచేశానన్నాడు. తను ఇప్పుడు బాగుందన్నాడు. ఉచ్చు తను పన్నితే, కాలు తనదే పడింది. ఇసొగాయ్ టార్చి ఆర్పి ఆ గుంటలోనే కాసేపు వంగి ఉండిపోయాడు. తేలు కుట్టిన దొంగకి అరిచే వీలెక్కడిది?

ఆ మధ్యాహ్నం డోరు రేకు మీద పడ్డ దెబ్బల్లో సగం ఎక్కడ పడ్డాయో ఆయనకే తెలియదు. నగురా ఎప్పుడు మేస్త్రీ గదిలోకి వెళతాడా అని చూస్తూనే ఉన్నాడు. వాడు లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళినా సుత్తి ఆపి చూశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే బతుకైపోయింది. నగురా వెళ్ళలేదు. బానెట్టు పని మొదలుపెట్టి, అదే లెక్కన కొట్టుకుంటూ కూర్చున్నాడు.

గురువారం అంతకంటే అన్యాయంగా గడిచింది. నగురా మంచితనం మొదలుపెట్టాడు. పొద్దున్నే ఇసొగాయ్ పెట్టె తనే మోసుకొచ్చి బల్ల దగ్గర పెట్టాడు. పదింటికి టీ ఇచ్చేటప్పుడు కప్పుని ఆయన రెండు అరచేతుల్లోనూ పెట్టి, పట్టుకుని కూర్చోండి, వేడి తగిలితే బాగుంటుంది అన్నాడు. అది అక్టోబరు నెల, చలి ఇంకా ఊళ్ళోకే రాలేదు. మధ్యాహ్నం డోరు ఎత్తబోతుంటే పరిగెత్తుకొచ్చి ఒక కొస పట్టుకున్నాడు. ఇసొగాయ్ ఆ కొస లాక్కున్నాడు. వీడు నన్ను ఆడిస్తున్నాడు, పిల్లి ఎలకని చంపేముందు ఆడించినట్టు ఆడిస్తున్నాడు అనుకున్నాడు.

మూడింటికి ఒగిసో పిలిచాడు. ఇసొగాయ్ తువ్వాలుతో మొహం తుడుచుకుని, చెప్పాల్సింది నోట్లో కూడబలుక్కుంటూ వెళ్ళాడు. తీరా చూస్తే ఒగిసో అడిగింది నగురా పని గురించే. మీరు చూశారుగా, ముందు భాగం ప్రదర్శనకి నిలబడుతుందా, మీరు సరే అంటే నాకింక బెంగ లేదు అన్నాడు. నిలబడుతుందని ఇసొగాయ్ చెప్పాడు.

అయిదింటికి సైరన్ మోగాక గేటుదాకా వెళ్ళిన ఇసొగాయ్‌కి అన్నం డబ్బా మర్చిపోయిన సంగతి గుర్తొచ్చింది. వెనక్కి తిరిగాడు. షెడ్డు పడమటి తలుపులోంచి ఎండ నేల పొడుగునా పడి ఉంది. యంత్రాలు ఆగిపోవడంతో అడుగుల చప్పుడు పెద్దగా వినిపిస్తోంది. ఇసొగాయ్ గుమ్మంలోనే ఆగాడు. ముప్ఫై ఒకటో బండి పక్కన నగురా కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. గ్లౌజు తొడిగిన చెయ్యి, బండి వెనక భాగం రేకు మీద మెల్లగా జరుగుతోంది. ఆ రేకుని ఇసొగాయ్ పొద్దున్నే చూసి గుర్తు గుద్దాడు.

“ఏం చేస్తున్నావు?”

నగురా ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. “ఊరికేనండి.”

“నేను చూసి గుర్తు వేసిన రేకు అది.”

“అవునండి.”

“మరి?”

నగురా గ్లౌజు వేళ్ళు ఒక్కొక్కటే లాగాడు. చివరికి కిందికి చూస్తూనే చెప్పాడు.

“మా నాన్న గోడలకి పూత పూసే మేస్త్రీ అండి. చివరి రెండేళ్ళూ ఆయన చేతికి స్పర్శ పోయింది. ఆయన మొహం మీద ఎవరూ అనేవాళ్ళు కాదు. వెనకాల నవ్వుకునేవాళ్ళు. ఆయన పూసి వెళ్ళాక నేను వెళ్ళి సరిచేసి వచ్చేవాణ్ణి. పోయేదాకా ఆయనకి తెలియదు.”

ఇది నాకెందుకు చెబుతున్నాడని ఇసొగాయ్ ఒక నిమిషం వాడి మొహం వంకే చూశాడు. తర్వాత అర్థమైంది. పెట్టె మోయడం, టీకప్పు చేతుల్లో పెట్టడం, డోరు కొస పట్టుకోవడం అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి.

“అంటే నా చెయ్యి చచ్చిపోయిందంటావా?”

“అలా అనడం లేదండి. నేనెవరికీ చెప్పలేదు. చెప్పను కూడా. మీరు చూసి వెళ్ళాక నేను ఒకసారి చూసుకుంటే చాలు. ఎవరికీ తెలియాల్సిన పని లేదు.”

వాడు తిట్టి ఉంటే ఇసొగాయ్ ఓర్చుకునేవాడు. కాలర్ పట్టుకున్నా ఓర్చుకునేవాడు. జాలిపడ్డాడు, అదీ ఇసొగాయ్ చేతి మీద. ఆ చెయ్యి తప్ప ఆయనకి ఈ లోకంలో చెప్పుకోవడానికి ఏముంది? నోరు మూసుకుని ఊరుకుంటే ఇకనుంచీ బతికినన్నాళ్ళూ చేతకాని ముసలివాడు, వెనకాలే ఇంకొకడు తుడుచుకుంటూ రావాల్సినవాడు. నోరు తెరిస్తే అబద్ధాలకోరు. నిజం చెప్పడానికి మనిషికి మంచితనమే ఉండనక్కర్లేదు, పౌరుషం ఉన్నా చాలు. ఇసొగాయ్‌కి ఆ సమయానికి మిగిలింది అదే.

“నా చెయ్యి నిక్షేపంలా ఉంది” అన్నాడు. “అక్కడ పల్లం లేదని నాకు మంగళవారమే తెలుసు. కావాలని గీశాను. నీ పని చూసి ఓర్వలేక గీశాను. విన్నావా? నా చేతికేమీ కాలేదు.”

చెప్పేశాక వెన్ను నిటారుగా నిలబడింది. ఛీ కొట్టు, వెళ్ళి మేస్త్రీకి చెప్పుకో, చెయ్యి లేదని మాత్రం అనకు అన్నట్టు నిలబడ్డాడు.

నగురా మొహం ఎర్రబడింది.

“రెండు రోజులుగా నాకు అన్నం సయించలేదండి” అన్నాడు. “నాకే ఈ పని రాదేమో, మళ్ళీ బస్సుల దగ్గరికి వెళ్ళిపోదామా అనుకున్నాను.” ఇంకేదో అనబోయి ఆగాడు. కనుబొమలు దగ్గరకొచ్చాయి. మంగళవారం సున్నా మీద చెయ్యి పెట్టినప్పటిలాగే ఉంది ఆ మొహం.

“అయితే మరి కింద ఉన్నది?” అన్నాడు.

“ఏది?”

“కింద ఉన్న పల్లం. మీరు గీసినచోట ఎంత చూసినా ఏమీ దొరకలేదు. మీరు గీశారంటే ఉండి తీరుతుందని చుట్టుపక్కలంతా వెతుక్కుంటూ పోయాను. సరిగ్గా జానెడు కింద, అంచువైపు దొరికింది. నిజంగానే ఉందండి. అది సరిచేసే మీకు చూపించాను. మీ చేతికి తెలిసింది గానీ, చోటు కొంచెం తప్పిందనుకున్నాను. అందుకే...”

నగురా చూపు ఆయన చేతి మీదికి పోయి, వెంటనే పక్కకి తప్పుకుంది.

ఇసొగాయ్ టార్చి తీసుకుని చక్రం గుంటలోకి వంగాడు. నిన్న తను వెలుగు నిలిపిన చోటు దొరికింది. నూనె అలాగే ఉంది. లైటుని కిందికి దించాడు. జానెడు కిందికి రాగానే ఇనుము తళుక్కుమంది. ఏడెనిమిది దెబ్బలు, చిన్నవి, ఒకదాని పక్కన ఒకటి, తొందరలేని చేతివి. నిన్న ఇంకొక్క జానెడు దించి చూసి ఉంటే కనిపించేవి.

మూడుసార్లు. మంగళవారం ఈ అరచెయ్యి ఆ చోటు మీదుగా మూడుసార్లు వెళ్ళింది. తప్పు దొరకాలి, దొరకాలి అనుకుంటూనే, ఉన్న ఒక్క తప్పు మీదనుంచీ జారుకుంటూ పోయింది. చేతిని నిలబెట్టుకోవడానికి మర్యాద వదులుకున్నాడు. ఇప్పుడు ఆ చెయ్యీ లేదు, ఆ మర్యాదా లేదు. నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. బండి అంచు పట్టుకుని లేచాడు. నగురా చెయ్యి అందించబోయి, మానుకున్నాడు.

ఎడమవైపు డోరు చెక్క బల్ల మీద ఉంది. మధ్యాహ్నానికి పూర్తయింది. లోపలి అంచున మొదటి గుర్తు పడింది, రెండోది రేపు పొద్దున్న వేద్దామని వదిలేశాడు. ఇసొగాయ్ దాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. జేబులోంచి తన గ్లౌజు తీసి నగురా వైపు చాచాడు.

“చూడు” అన్నాడు.

“మీ డోరా అండీ?”

“చూడమన్నానుగా.”

నగురా తొడుక్కున్నాడు. ఆ గ్లౌజు వాడి చేతికి బిగువైంది. కళ్ళు మూసుకుని హ్యాండిలు దగ్గర మొదలుపెట్టాడు. ఇసొగాయ్ పక్కన నిలబడి ఆ చేతినే చూస్తున్నాడు. ముప్ఫై బండ్లలో తన రేకు మీద ఇంకొకడి చెయ్యి జరగడం ఇదే మొదటిసారి. జరిగినంతసేపూ, ఆగకూడదు, ఆగకూడదు అని లోపల కొట్టుకున్నాడు. కింది అంచుకి దగ్గర్లో ఆ చెయ్యి ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది. నగురా కళ్ళు తెరిచి సుద్ద తీసుకుని చిన్న సున్నా చుట్టాడు. గ్లౌజు విప్పి ఇచ్చాడు.

పగ తీర్చుకుంటున్నాడేమో అని మొట్టమొదట తట్టింది ఇసొగాయ్‌కి. తట్టినందుకు సిగ్గేసింది. తీర్చుకున్నా అడగడానికి తనకి నోరెక్కడిది? గ్లౌజు తొడుక్కుని సున్నా మీద అరచెయ్యి వేశాడు. ఏమీ లేదు. నున్నగా ఉంది. వాడు కావాలనే గీశాడు అనుకోబోయాడు. ఆ అనుకోవడంలో ఒక సుఖముంది, రెండు రోజులుగా ఆ సుఖం రుచి తెలిసినవాడే. చెయ్యి తీసేశాడు. ప్యాంటుకి తుడుచుకున్నాడు. కళ్ళు మూసుకుని, ఉందనీ లేదనీ ఏదీ అనుకోకుండా, కొత్తగా పనిలో చేరినవాడిలా హ్యాండిలు దగ్గరినుంచి మొదలుపెట్టాడు. చెయ్యి మెల్లగా కిందికి దిగింది. సున్నా ఉన్నచోట అరచేతి మడమ కింద రేకు కొంచెం, చాలా కొంచెం, దూరం జరిగినట్టయింది.

“ఉంది” అన్నాడు.

సుత్తి తీసుకున్నాడు. నగురా అడక్కుండానే ఇనపదిమ్మ తెచ్చి రేకు వెనక ఆనించి పట్టుకున్నాడు. నాలుగు దెబ్బలు పడ్డాయి. నగురా మళ్ళీ చెయ్యి వేసి చూసి తలూపాడు. అప్పటికి ఎండ బల్ల కాళ్ళ దగ్గరికి తగ్గిపోయింది.

మంచి చెయ్యి నీది అనాలి. ఇసొగాయ్ ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చుకున్నాడు. రాలేదు. ఇంకా మండుతూనే ఉంది, ఎక్కడికి పోతుంది? రేపు పొద్దున్న ఒగిసో ఈ డోరు అంచు చూస్తాడు, ఎందుకని అడుగుతాడు. హిబి వింటాడు. అందరి ముందూ మొదటినుంచీ చెప్పుకోవాల్సిందే. డోరుని పక్కకి తిప్పి, తన రెండు గీతల పక్కన ఖాళీగా ఉన్న చోటు మీద వేలు పెట్టాడు.

“నీ అచ్చు తెచ్చుకో” అన్నాడు.